ఎవరికోసమో మౌనం

ఆ గురువారం పొద్దున దర్జీ అనుకున్నది ఒక్కటే. సాయంత్రం సేవా క్లబ్బు మీటింగులో ఎవరూ నోరు తెరవకముందే తను తెరవాలి. ఆసుపత్రి గేటు దగ్గర ఒక బెంచీ వేయించమని అడగాలి. ఏడాదిగా అడుగుతూనే ఉన్నాడు. ప్రతి వారం ఆ సంగతి అన్నిటికన్నా చివరన ఉంటుంది. స్వాగతాలు, అభినందనలు, ధన్యవాదాలు, ఆ ధన్యవాదాలకు మళ్లీ ధన్యవాదాలు అయ్యేసరికి టీ వస్తుంది. టీ వచ్చాక సేవ ఎవరికీ గుర్తుండదు.

ఆ గేటు దగ్గరే అతని భార్య ఒంట్లో శక్తి లేక గోడకు ఆనుకుని నిలబడేది. వారం వారం నిలబడేది. మంచం పట్టాక గాని ఆ నిలబడడం తప్పలేదు.

"ఒరే తమ్ముడూ, వెళ్లగానే కుర్చీ కోసం చూడకు. కూర్చున్నావంటే, ఆ మోకాళ్లతో నువ్వు లేచేలోపు వాళ్లు టీలు తాగి ఇళ్లకు పోతారు," అంది అక్క, తెల్ల చొక్కా చేతికిస్తూ.

"సరేలే అక్కా."

"సరేలే కాదు. అధ్యక్షుడి బల్ల పక్కన పాతిన గుంజలా నిలబడు. కదిలావో, నీ బెంచీ గంగలో కలిసినట్టే."

దర్జీ అలాగే చేశాడు. గ్రంథాలయం మేడమీది గదికి అందరికన్నా ముందు చేరుకుని, బల్ల పక్కన చేతులు కట్టుకుని, తలొంచుకుని, అడగాల్సిన మాటలు లోలోపల వల్లె వేసుకుంటూ నిలబడ్డాడు.

ఆ క్లబ్బులో ఒక పద్ధతి ఉంది. సభ్యుడెవరైనా పోతే, కబురు తెచ్చినవాడు ఆ సంగతి నోటితో చెప్పకూడదు. అధ్యక్షుడికి ముందుగా తెలియజేసి, వచ్చి బల్ల పక్కన తలొంచుకుని నిలబడాలి. మిగతావాళ్లు వచ్చినవాళ్లు వచ్చినట్టు నిలబడిపోవాలి. ఎవరని అడగడం అమర్యాద. మౌనం ముగిశాక పేరు అధ్యక్షుడే చెబుతాడు. దర్జీకి ఈ పద్ధతి తెలియక కాదు. సొంత గోడు మోస్తున్నవాడికి ఊరి పద్ధతులు గుర్తుండవు.

మొదట కార్యదర్శి వచ్చాడు. రిటైరైన హెడ్మాస్టరు. దర్జీని చూశాడు, తెల్ల చొక్కా చూశాడు, చంకలోని సంచీ చప్పుడు కాకుండా కింద పెట్టి నిలబడ్డాడు. తర్వాత టీచరమ్మ వచ్చి కళ్లు మూసుకుంది. ఆ వెనక వచ్చినవాళ్లంతా ఎవరి కుర్చీ వెనక వాళ్లు నిలబడ్డారు. దర్జీ తలెత్తి చూస్తే గదంతా నిలబడి ఉంది.

'ఎవరో పోయారు. ఇవాళ్టికి నా బెంచీ కూడా పోయింది,' అనుకుని అతనూ మళ్లీ తలొంచాడు.

అధ్యక్షుడు పళ్ల డాక్టరు. ఆలస్యంగా వచ్చి, గుమ్మంలోనే మ్రాన్పడిపోయాడు. కబురు తనకు ముందుగా చేరాలి. చేరలేదు. పన్ను పీకే హడావిడిలో ఫోను చూసుకోలేదేమో. ఆ మాట పైకి అంటే పెద్దరికం నిలవదు. మెల్లగా వెళ్లి తన చోట నిలబడ్డాడు.

మౌనం ముగియాలంటే అధ్యక్షుడు గంట కొట్టాలి. గంట కొడితే పేరు చెప్పాలి. అందుకని ఆయన కొట్టలేదు.

ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. టీ తెచ్చినవాడు కూడా కెటిల్‌తో గుమ్మంలో నిలబడిపోయాడు. దర్జీ ఆ నిశ్శబ్దాన్ని భార్యను తలుచుకోవడానికి వాడుకున్నాడు. ఆమె పోయినప్పుడు క్లబ్బు నిలబడలేదు. సభ్యులకే గాని సభ్యుల భార్యలకు మౌనం వర్తించదని నిబంధన.

చివరికి ఎవరో గట్టిగా తుమ్మితే అధ్యక్షుడు ఉలిక్కిపడ్డాడు. చెయ్యి గంట మీద పడింది.

"మన... మన ఆప్తుడు," అన్నాడు గొంతు సవరించుకుని. "ఏం చెప్పను? ఎలాంటి మనిషి! హెడ్మాస్టరుగారూ, మీకు బాగా దగ్గర కదా, మీరు చెప్పండి."

తెలియదనడం హెడ్మాస్టరు వృత్తిలో లేదు. చుట్టూ చూశాడు. దర్జీది కాక, ఒక్క కుర్చీ వెనక మాత్రం ఎవరూ నిలబడి లేరు. అది ఇన్సూరెన్సు ఏజెంటుది.

"ఆ కుర్చీ చూడండి," అన్నాడు బొంగురుగా. "ఇంకేం చెప్పాలి?"

అంతా ఆ కుర్చీ వైపు చూశారు. టీచరమ్మ భోరుమంది.

"మొన్ననే పాలసీ తీసుకోమ్మా అని ఇంటికొస్తే, లోపలుండి కూడా తలుపు తియ్యలేదండీ నేను!"

ఇక అడ్డు లేకపోయింది. బతికుండగా అతన్ని చూసి వీధి మారినవాళ్లంతా అతని చిరునవ్వును పొగిడారు. ఓపికను పొగిడారు. హెడ్మాస్టరు ప్రతి మాటా రాసుకున్నాడు.

"దర్జీగారూ, కబురు తెచ్చింది మీరే కదా. ఆయనకు చివరి కోరికేమైనా ఉందా?" అని అడిగాడు అధ్యక్షుడు.

దర్జీకి అప్పుడు వెలిగింది. కబురు తనెక్కడ తెచ్చాడు? ముందు నిలబడింది తనే. ఇదంతా తన మోకాళ్ల మహిమ. నిజం చెప్పడానికి నోరు తెరిచాడు. గేటు పక్కన గోడ కళ్లముందు మెదిలింది.

"ఆసుపత్రి గేటు దగ్గర బెంచీ లేదని అంటుండేవాడు," అన్నాడు.

అది శుద్ధ అబద్ధం కాదు. దర్జీ బెంచీ ఊసెత్తినప్పుడల్లా ఏజెంటు "నిజమే, లేదు," అనేవాడు. ఆ వెంటనే పాలసీ ఎత్తుకునేవాడు.

ఏడాదిగా కదలని తీర్మానం, ఏజెంటు స్మారకంగా, ఒక్కసారి చప్పట్లతో నెగ్గింది.

ఆ చప్పట్లు ఆగకముందే ఏజెంటు వచ్చాడు. బండికి పంచరట, చేతులకు మసి. నిలబడ్డవాళ్లనూ, టీచరమ్మ కన్నీళ్లనూ చూసి, వచ్చి దర్జీ పక్కన తలొంచుకుని నిలబడ్డాడు.

"ఎవరు పోయారన్నా?" అన్నాడు చెవిలో.

"నువ్వే," అన్నాడు దర్జీ.

అధ్యక్షుడి ముఖం జేవురించింది.

"అసలు మీరెందుకు నిలబడ్డారయ్యా?"

"మా అక్క నిలబడమంది."

"చాలు! మనిషి గుండ్రాయిలా ఉంటే స్మారకమేంటి? తీర్మానం రద్దు. కూర్చోండి అందరూ."

కుర్చీలు కిర్రుమన్నాయి. దర్జీ ఒక్కడే కూర్చోలేదు.

"ఆగండి," అన్నాడు ఏజెంటు. "నా గురించి ఏమన్నారేంటి?"

హెడ్మాస్టరు మొహమాటపడుతూ చదివాడు. ఏజెంటు మసి చేతుల్తోనే కళ్లు తుడుచుకున్నాడు. ఈ ఊళ్లో అతనితో మంచి మాట అన్నవాళ్లు లేరు.

"బెంచీ ఉండనివ్వండి డాక్టరుగారూ."

"బతికున్నవాడికి ఎలాగయ్యా?"

"ఎప్పటికైనా పోయేవాణ్ణేగా. ముందే కట్టి ఉంచుకోవడంలో తప్పేముంది? అందరికీ నేను చెప్పేదీ అదేగా! రాసిన ముక్క మాత్రం కొట్టెయ్యకండి."

రద్దు చేస్తే, ఎవరికోసమో తెలియకుండా ఏడ్చామని మీటింగు పుస్తకంలో రాసుకోవాలి. అది ఎవరికీ ఇష్టం లేదు. తీర్మానం నిలిచింది.

బెంచీ పడిన కొన్నాళ్లకు దర్జీ మోకాళ్లు చూపించుకోవడానికి ఆసుపత్రికి వెళ్లాడు. బెంచీ చివర జబ్బుతో ఉన్న ఒక నడివయసు ఆడమనిషి వీపు ఆనించి కళ్లు మూసుకుని ఉంది. దర్జీ ఆమెను చాలాసేపు చూశాడు. తను కూర్చుందామంటే చోటు లేదు. మధ్యలో ఏజెంటు కాళ్లు బారజాపుకుని, పక్కవాడికి పాలసీ వివరిస్తున్నాడు.

దర్జీ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. చచ్చినవాణ్ణి జరగమని ఎలా అడుగుతాడు?