అర్జీకో మెట్టు

హైమావతి ర్యాంపు కోసం అర్జీ పెట్టుకున్న మర్నాడు సరిహద్దు రాళ్ల శాఖ కార్యాలయానికి ఒక మెట్టు పెరిగింది. అంతకుముందు మూడు ఉండేవి, నాలుగయ్యాయి. ఎవరూ కంగారు పడలేదు. భవనం ప్రభుత్వానిది, అర్జీ పెట్టిందీ ప్రభుత్వానికే, ఆ మాత్రం కదలిక ఉండదా అనుకున్నారు. అటెండరు నూకరాజు కొత్త మెట్టును తడిగుడ్డతో తుడిచి, మిగతావాటికి లాగే దాని అంచుకూ ఎర్రరంగు వేశాడు.

హైమావతి ఆ శాఖలో నక్షాలు సరిచూసే గుమాస్తా. ఏ పొలం హద్దురాయి ఎక్కడుండాలో, ఎక్కడికి జరిగిందో చూసి చెప్పడం ఆమె పని. చిన్నప్పుడు పోలియో వచ్చింది. చక్రాల కుర్చీలో ఆఫీసుకు వస్తుంది. రోజూ నూకరాజూ, వాచ్‌మనూ చెరోవైపు పట్టుకుని కుర్చీతో సహా ఆమెను మెట్లెక్కించేవారు, సాయంత్రం దింపేవారు. వాళ్లు మంచివాళ్లే. అయినా ఎత్తిన ప్రతిసారీ ఆమె పైట జారకుండా కొంగును పళ్లతో కరిచిపట్టుకునేది. ఎదురుగా ఆటో స్టాండులో వాళ్లు టీ తాగుతూ చూసేవారు. మధ్యలో దొడ్డికి దించమని అడగాల్సి వస్తుందేమోనని పగలంతా మంచినీళ్లు ముట్టేది కాదు. ఆమె కోరిందల్లా ఒక్కటే. తన చక్రాలు తన చేతులతో తోసుకుంటూ తన ఆఫీసులోకి తను వెళ్లాలి. మిగతా అందరూ వెళ్లడం లేదూ?

జిల్లా అధికారి సూర్యభగవాన్ గారు ఆ అర్జీని ఎంతో సానుభూతితో చదివారు.

"ర్యాంపు కట్టించడం నాకు చిటికెలో పనండీ హైమావతి గారూ," అన్నారు. "కానీ ఒక్కటి ఆలోచించండి. మన కుర్రాళ్లు మిమ్మల్ని ఎత్తుకుని తీసుకొస్తన్నారని ఊళ్లో మనకెంత మంచిపేరండీ? ర్యాంపేసేస్తే ఆ మానవత్వమంతా ఏమైపోవాలండీ?"

"మానవత్వం ఉండనివ్వండి సార్. పక్కన ర్యాంపు కూడా ఉంటుందండి."

ఆయన నవ్వి, 'పరిశీలనలో ఉంది' అని రాసి ముద్ర వేశారు. నాలుగో మెట్టు ఆ ముద్ర తడి ఆరకముందే మొలిచిందని తరవాత విచారణలో తేలింది. విచారణ నివేదిక మీద కూడా ముద్ర పడింది కాబట్టి అయిదోది వచ్చింది.

హైమావతి ఊరుకోలేదు. చట్టంలో తనకున్న హక్కును ఉదహరిస్తూ ఇంకో అర్జీ పెట్టింది. చట్టం మాట ఎత్తినందుకు మెట్లు జంటగా వచ్చాయి. గుర్తు చేస్తూ ఉత్తరం రాసింది, ఇంకో మెట్టు వచ్చింది. ఏమైందో చెప్పమని సమాచార హక్కు కింద అడిగితే ఏకంగా ఒక చప్టా ఏర్పడి, అక్కడ మలుపు తిరిగి మరో వరస మొదలైంది. మెట్లతో పాటు ఆఫీసు కూడా పక్కనున్న సినిమాహాలు కప్పును దాటి పైకి వెళ్లింది. అక్కడ గాలి బాగుంటుందని కొందరు మెచ్చుకున్నారు కూడా.

నూకరాజు నడుం పట్టేసింది. ఒక పొద్దున చప్టా మీద కుర్చీ దించి, గోడకు చేరగిలబడ్డాడు.

"అమ్మగారూ, మీ కట్టం నాకు తెల్దాండీ? కానీ ఇంకో కాయితం ఎట్టకండి. మీకు దణ్ణమెడతాను."

ఆ మాటకు హైమావతికి తల కొట్టేసినట్టయింది. మెట్లు మొలిపిస్తున్న ముద్ర ఎవరిదని ఎవరూ అడగలేదు. అర్జీ ఎవరిదో మాత్రం అందరికీ తెలుసు.

నూకరాజు మోయలేకపోయిన రోజు నుంచి ఆమె మెట్ల కిందే ఉండిపోయింది. పైకి ఎక్కలేని రైతులు కూడా అక్కడే ఆగిపోయేవారు. ఆమె నక్షాలు ఒళ్లో పరుచుకుని వాళ్ల తగాదాలు చూసేది. పని బాగానే సాగింది. అయితే హాజరు పైన వేస్తారు కనక, రోజంతా పనిచేసినా ఆమె రాలేదనే లెక్క. కొన్నాళ్లకు నోటీసు వచ్చింది. విధులకు రానందుకు ఉద్యోగంలోంచి ఎందుకు తీసెయ్యకూడదో స్వయంగా పైకొచ్చి చెప్పుకోవాలని అందులో ఉంది.

పైకెలా రావాలో చెప్పమంటూ ఆమె జవాబు రాసి పంపింది. దాని మీదా ముద్ర పడింది. ఆ పెరిగిన మెట్టు దగ్గరే సూర్యభగవాన్ గారి మోకాళ్లు మొరాయించాయి. చేసేది లేక ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఆటో స్టాండు వాళ్లందరూ చూస్తుండగా మోసుకెళ్లారు. కండువా జారిపోతుంటే ఆయన పట్టుకోలేకపోయారు. సాయంత్రం కిందకు దించాక, ఎర్రబడ్డ మొహంతో హైమావతి పక్కన కూలబడ్డారు.

"ఇదెంత అవమానమండీ!" అన్నారు.

"అవునండి," అంది హైమావతి.

ఆ వారంలోనే లిఫ్టు మంజూరైంది. కారణం అన్న చోట 'అధికారుల మోకాళ్ల దృష్ట్యా' అని ఉంది. లిఫ్టు నేరుగా పై అంతస్తుకు వెళ్తుంది, తలుపు వెడల్పుగా ఉంది, లోపల అద్దం, ఫ్యాను. ప్రారంభోత్సవానికి హైమావతిని పిలిచి శాలువా కప్పారు. నోటీసు వెనక్కి తీసుకున్నారు. ఇదంతా ఆవిడ పట్టుదల వల్లేనని సూర్యభగవాన్ గారు మైకులో చెబితే అందరూ చప్పట్లు కొట్టారు.

లిఫ్టు ముందు మూడు మెట్లున్నాయి.

"గడప నేలకన్నా ఎత్తులో ఉండాలన్నది మన శాఖ నియమం కదండీ," అన్నారాయన మెల్లగా. "హద్దులు చూసేవాళ్లం, మన హద్దే తెలీకపోతే ఎలాగండీ?"

"ఆయ్, మూడే కదండీ అమ్మగారూ," అన్నాడు నూకరాజు ఉత్సాహంగా. "పూలబుట్టలా ఎత్తేత్తాం."

హైమావతి సంచీలోంచి కాగితం, పెన్నూ తీసింది. చప్పట్లు ఆగిపోయాయి. నూకరాజు చెయ్యి నడుం మీదకు వెళ్లింది. హద్దురాయి తగాదా కోసం నెలల తరబడి మెట్ల కింద పడిగాపులు కాసిన ముసలి మంగయ్యమ్మ ముందుకొచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"రాయకే తల్లీ. ఇప్పుడే కదే నాకు పైకెళ్లే దారి దొరికిందీ?"

హైమావతి ఆ మూడు మెట్ల వంక చూసింది. పెన్నుకు మూత పెట్టేసింది. మంచినీళ్ల సీసా మంగయ్యమ్మకు ఇచ్చేసి, కొంగు పళ్లతో కరిచిపట్టుకుని, ఎత్తమన్నట్టు తలూపింది.

మూడు మెట్లూ ఇప్పటికీ మూడే ఉన్నాయి. అదంతా హైమావతి గారి మంచితనమని ఆఫీసులో అందరూ చెప్పుకుంటారు.