గర్భసంచికి కొమ్ములు

"స్త్రీ శరీరం మీద సర్వహక్కులూ స్త్రీవే. ఈ విషయంలో మా కమిటీదే తుది నిర్ణయం."

ప్రిన్సిపాల్‌గారు మైకులో ఈ ప్రకటన చేయగానే ఆడిటోరియం చప్పట్లతో మోగిపోయింది. నేనూ కొట్టాను. రెండు వాక్యాల మధ్య ఆయన ఊపిరి కూడా తీసుకోలేదు. మాట మీద అంత నమ్మకమున్న మనిషిని చూసి చాలా కాలమైంది.

సందర్భం, మా ఊరి కాలేజీలో "నా ఒళ్లు, నా ఇష్టం" అనే సాహిత్య కళోత్సవం. పిల్లల్ని కనాలా వద్దా, కంటే ఎప్పుడు, ఎంతమందిని అన్నది ఆడవాళ్లే తేల్చుకోవాలని లోకానికి చాటడం దాని ఉద్దేశం. కమిటీలో అందరూ మగవాళ్లే. ఆడ లెక్చరర్లను ఎందుకు వేయలేదని అడిగాను. "వాళ్లకు శ్రమ ఇవ్వడం ఇష్టంలేక" అన్నారు ప్రిన్సిపాల్‌గారు. శ్రమలేని ఆ లెక్చరర్లు పొద్దుటి నుంచీ పూలగుత్తులు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు.

ముందు కవితలు చదివారు. పెద్దల చెవులు కందిపోకుండా కమిటీ వాటిని ముందే దిద్దిపెట్టింది. గర్భం అన్నచోటల్లా "సంబంధిత అవయవం" అనీ, నెలసరి అన్నచోటల్లా "నెలవారీ కార్యక్రమం" అనీ మార్చింది. ఒకమ్మాయి లేచి, "సంబంధిత అవయవంలో నన్ను మోసిన తల్లీ" అని గొంతెత్తగానే ముందు వరుసలో ఒక అధికారి కళ్లు తుడుచుకున్నారు. తుడుచుకుంటూనే పక్కాయన వైపు వంగి, "అవయవమంటే ఏ డిపార్ట్‌మెంట్ కిందకొస్తుందండీ?" అని అడిగారు.

తర్వాత ఎగ్జిబిషన్. ప్రారంభించడానికి మహిళా సంక్షేమ మంత్రిగారు వచ్చారు. ఆడవాళ్ల గురించి ఆయనకు తెలియనిది లేదు. అందుకే ఏ ఆడదాన్నీ ఏమీ అడగరు.

ఆయన రాకముందే నేనొకసారి హాలు తిరిగి చూశాను. తలుపంత తెల్లగుడ్డ మీద, ఎర్రగుడ్డలో దూది కూరి కుట్టిన పెద్ద గర్భసంచి ఒకటి వేలాడుతోంది. కుట్టింది సెకండియర్ అమ్మాయి. వాళ్లమ్మది బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని.

"ఇది మా అమ్మదండీ" అంది ఆ పిల్ల. "అటొకటి, ఇటొకటి, ఇవి ట్యూబులు. నేను పుట్టిన రోజు ఆస్పత్రిలో అమ్మని అడక్కుండా వీటిని కోసి ముడేశారు. అమ్మకి ఇంకో బిడ్డ కావాలని ఉండేదట."

"మరి ఇక్కడ కోసి లేవే?"

"నేను అతికించాను కదా. అమ్మకి చూపిద్దామని. పర్మిషన్ పెట్టి వచ్చింది పాపం. మంత్రిగారు బొమ్మలు చూసేదాకా ఎవరినీ లోపలికి వదలమని వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపేశాడు."

ఇంతలో మంత్రిగారు రిబ్బన్ కత్తిరించి, కత్తెర చేతిలో ఉండగానే లోపలికి వచ్చి, సరిగ్గా ఆ బొమ్మ ముందే ఆగిపోయారు.

"ఏంటిది?"

"సంబంధిత అవయవం సార్" అన్నారు ప్రిన్సిపాల్‌గారు.

"అవయవం సంగతి సరేనయ్యా. ఆ కొమ్ములేంటి?"

ఎద్దు తల అవతలి పార్టీ ఎన్నికల గుర్తు. పైగా ఉప ఎన్నిక దగ్గర పడింది. మామూలు మనిషికి గర్భసంచి కనిపించే చోట ప్రతిపక్షాన్ని చూడగలిగారంటే ఆయన ఊరికే మంత్రి కాలేదు.

జువాలజీ మాస్టారిని పిలిపించారు.

"మీరు చెప్పండి మాస్టారూ. ఇదేంటి?"

మాస్టారు కళ్లజోడు సవరించుకున్నారు. "శాస్త్రప్రకారం గర్భసంచే సార్. కానీ మీరన్నాక చూస్తుంటే... ఎద్దే."

"అవి ట్యూబులు సార్" అంటూ ఆ పిల్ల బొమ్మకు అడ్డంగా నిలబడింది. "దయచేసి ముట్టుకోకండి. మా అమ్మ ఇంకా చూడలేదు."

"చూస్తుందిలే తల్లీ, ఎక్కడికి పోతుంది" అన్నారు మంత్రిగారు ఎంతో ప్రేమగా. "బొమ్మే తీసేయమనొచ్చు నేను. అన్నానా? కళంటే నాకు ప్రాణం. కొమ్ములొక్కటే తీసేద్దాం. నిమిషం పని. బొమ్మకేమన్నా నొప్పా?"

ప్రిన్సిపాల్‌గారు సైగ చేశారు. ఒక మేడమ్ పూలగుత్తి కింద పెట్టి, ఆ పిల్ల భుజం పట్టుకుని పక్కకు జరిపింది. ఉత్సవం మొత్తంలో కమిటీ ఒక ఆడమనిషికి అప్పగించిన బరువైన బాధ్యత అదొక్కటే.

మంత్రిగారు పనివాళ్లకు పురమాయించే రకం కాదు. స్వయంగా కోశారు. అటొకటి, ఇటొకటి. దూది బయటికి వస్తుంటే ప్రిన్సిపాల్‌గారు రిబ్బన్ ముక్కలతో రెండు చివర్లకూ గట్టిగా ముడులేశారు.

"ఇప్పుడు చూడండి, ఎంత నీట్‌గా ఉందో" అని మంత్రిగారు అక్కడికక్కడే దానికి ఫస్ట్ ప్రైజ్ ప్రకటించారు. ఫొటోలు తీశారు.

అప్పుడు వదిలారు ఆ తల్లిని. చున్నీ కొసతో మొహం తుడుచుకుంటూ గబగబా వచ్చి, బొమ్మ ముందు నిలబడిపోయింది.

"నేనిలా కుట్టలేదమ్మా" అంది కూతురు.

తల్లి రెండు ముడులనూ మార్చి మార్చి చూసింది. "ఎవరు కోశారు?"

"మంత్రిగారే స్వయంగా, అమ్మా" అన్నారు ప్రిన్సిపాల్‌గారు.

"మా పిల్లని అడిగారా?"

"అడగడానికి టైమ్ ఎక్కడిదమ్మా" అని మంత్రిగారే బదులిచ్చారు. "అంతా మీ మంచికే."

"ఆ రోజు డాక్టరుగారు కూడా అచ్చం ఇదే మాటన్నారండీ."

మంత్రిగారి మొహం వెలిగిపోయింది. విలేకర్ల వైపు తిరిగారు. "విన్నారా? పేదింటి తల్లి, నన్ను డాక్టరుతో పోల్చింది. రాసుకోండి."

అందరూ రాసుకున్నారు. ఆవిడ ఇదేమీ పట్టించుకోకుండా చెయ్యి చాచి, ఒక ముడి విప్పబోయింది.

ప్రిన్సిపాల్‌గారు ఆ చేతిని సున్నితంగా పక్కకు తీశారు.

"అలా ముట్టుకోకూడదమ్మా. దానికి ఫస్ట్ ప్రైజ్ వచ్చింది."