గవర్నరు గారి సంపూర్ణ హాజరు

పిల్లల్ని బడికి రప్పించడంలో తమ మండలం మంగోలియాకే దారి చూపబోతోందని గవర్నరు దమ్‌దిన్ గారు ప్రకటించారు. పథకం పేరు 'ఇల్లూ బడీ ఒక్కటే'. రాజధానిలో అచ్చయిన బ్యానరు గోడకు పట్టకపోతే కిటికీల మీదుగా కట్టించారు. తరగతిలో చీకటైంది గానీ, అక్షరాలు మాత్రం మైదానం అవతలి నుంచి కూడా చక్కగా కనిపించాయి.

హెడ్‌మిస్ట్రెస్ సెవ్‌జిద్ నిజంగానే సంతోషించింది. గొర్రెలు ఈనే రోజులొస్తే ఆమె బెంచీలు సగం ఖాళీ. తల్లిదండ్రులతో ఎవరైనా మాట్లాడితే బాగుండునని ఏళ్ళుగా మొత్తుకుంటోంది.

గవర్నరు గారు మాట్లాడారు. రోజూ మాట్లాడారు. అమ్మానాన్నలిద్దరూ పొద్దున్నే బడికొచ్చి, సాయంత్రం దాకా చదువు విలువ గురించి వినాలి. రానివాళ్ళకు ఎండుగడ్డి సబ్సిడీ బంద్.

అందరూ వచ్చారు. అప్పటిదాకా వస్తున్న పిల్లలు కూడా మానేశారు.

"ఏమయ్యా చోయిజిల్, నీ కూతురేదీ?" అడిగింది సెవ్‌జిద్.

"ఉయాంగానా? మంద దగ్గరుంది టీచరమ్మా."

"మరి నువ్విక్కడేం చేస్తున్నావు?"

"పిల్లని బడికెందుకు పంపాలో వింటున్నా."

ఆమె పరుగున గవర్నరు దగ్గరికెళ్ళింది. "సార్, మీటింగులు ఆపితే పిల్లలొస్తారు."

ఆయన జాలిగా చూశారు. "ఇన్నాళ్ళకి బడి నిండిందమ్మా. ఖాళీ చేయమంటావా?"

తనిఖీకి పై అధికారి వచ్చాడు. గవర్నరు గారి ఆజ్ఞ మీద పెద్దలంతా పిల్లల బెంచీల్లో ఇరుక్కున్నారు. అధికారి స్వయంగా హాజరు పిలిచాడు.

"ఉయాంగా!"

"ఉన్నానండీ," అని చోయిజిల్ మీసాలు సర్దుకుంటూ లేచాడు.

అధికారి కళ్ళు చెమర్చాయి. "సహకారమంటే ఇదీ!" అన్నాడు. అవార్డు ప్రకటించి, మర్నాడే సభ అన్నాడు.

చోయిజిల్ గవర్నరు ముందు టోపీ తీశాడు. "రేపు మా పిల్లకి పట్నం బడిలో చేరే పరీక్ష సార్, ఇక్కడే మన బళ్ళోనే. మళ్ళీ ఏడాదికి గానీ రాదు. నేను మందని చూసుకుంటే అది వచ్చి రాస్తుంది. ఒక్కరోజు సెలవివ్వండి."

"అవార్డు రోజున గైర్హాజరా? నీలాంటి వాళ్ళ వల్లే ఈ దేశంలో పిల్లలు చదువుకోవడం లేదు!"

పక్కనే ఉన్న సెవ్‌జిద్ ఇదంతా వింది. మర్నాడు పొద్దున్నే చోయిజిల్ గుడారానికి వెళ్ళి ఉయాంగా చేతిలోంచి కర్ర లాక్కుంది.

"పోవే, పరీక్ష రాసిరా."

"మీకు గొర్రెలు కాయడం వచ్చా టీచరమ్మా?"

"నీకు లెక్కలు వచ్చాకే నేర్పానా? నడు!"

మధ్యాహ్నం గవర్నరు గారి డ్రైవరు జీపులో వచ్చాడు. సెవ్‌జిద్ చేతుల్లో అప్పుడే పుట్టిన తడి గొర్రెపిల్ల ఉండటంతో, తెచ్చిన మెమో తనే చదివాడు. మండలం మొత్తంలో ఈరోజు బడికి రానిది హెడ్‌మిస్ట్రెస్ ఒక్కతే కాబట్టి, సంజాయిషీ ఇవ్వాలి.

"అది సరే గానీ, పిల్ల రాస్తోందా?"

"రాస్తోంది టీచరమ్మా. కాకపోతే ఆ తరగతి గదికి గవర్నరు గారు బయట గొళ్ళెం పెట్టించారు. అందరూ సభలో ఉన్నారు కదా, ఖాళీ బెంచీలు అధికారి కంట్లో పడతాయని."