సత్తవ్వ గడప

ఇందూరు పాతబజారులోని పసుపు వ్యాపారుల గల్లీకి ఆధునికత విచ్చేసినట్లు ఇందుమూలంగా తెలియజేయడమైనది. లోపలికి వెళ్లిన ఆటో తిరగడానికి చోటులేక వెనక్కి వెనక్కి బయటికి రావలసిన ఆ గల్లీలో, రెండు ఇళ్ల మధ్య ఇరుక్కున్న సత్తవ్వ పాతిల్లు పోయి, నాలుగంతస్తుల 'సత్తవ్వ హెరిటేజ్ ప్లాజా' లేచింది.

కింద పసుపు, మిర్చి దుకాణం. దానిపైన పళ్ల దవాఖానా. ఆపైన కోచింగ్ సెంటర్. అన్నిటికన్నా పైన సత్తవ్వ కుటుంబం. పన్ను పీకించుకునేవాళ్ల కేకల మధ్య పిల్లలు ఏకాగ్రత నేర్చుకుంటారు. పిల్లలు వల్లించే సూత్రాలు వింటూ రోగులు మత్తుమందు లేకుండానే సొమ్మసిల్లుతారు. మిర్చి ఘాటుకు మాత్రం అందరూ సమానంగా తుమ్ముతారు.

ఇల్లు కూలగొట్టక ముందు సత్తవ్వ ఒక్కటే అడిగింది.

"ఏమన్న కట్టుకో అనిల్, నా గడప మాత్రం ఉంచు బిడ్డా. సుక్కురారం దానికి పసుపు రాయకుంటె నాకు బుక్క దిగది."

అత్త చేతి పసుపు తిన్న గడప అది. తరతరాల పాదాలకు నడుమ గుంటపడిన టేకు. చీకట్లో కూడా సత్తవ్వ కాలికి ఆ గుంట తెలుసు.

మనవడు అనిల్‌కుమార్ మాట తప్పే మనిషి కాడు. హైదరాబాదు నుంచి దిగిన ఆర్కిటెక్టు ప్రశాంత్ ఆ గడప ఉన్న పాత దర్వాజను చూసి కంటతడి కూడా పెట్టాడు. గల్లీ ముఖాన దాన్నే నిలబెడదామన్నాడు. అంతలో వాస్తు చూసే ఆత్మారాం, గల్లీ పడమటి వైపుందని కనిపెట్టాడు. ఇన్నేళ్లు ఎవరికీ ఏమీ కాకపోవడం అజ్ఞానం వల్లనే అని తేలింది. గడప తూర్పుకు మారింది. తూర్పున వెనకింటి గోడ ఉంది. ఆ గోడకు జానెడు సందు వదిలి, దర్వాజను నగిషీలతో సహా ఘనంగా ప్రతిష్ఠించారు. లోపలి వైపు ఖాళీగా ఉండడం దేనికని దుకాణం వాళ్లు పసుపు బస్తాలు పేర్చారు.

ప్రారంభోత్సవానికి వచ్చిన నాయకుడు, "వారసత్వాన్ని ఇంత భద్రంగా దాచిన కట్టడాన్ని నేనింతవరకు చూడలేదు" అన్నాడు. నిజమే. అప్పుడూ చూడలేదు. చూసే వీలు లేదు.

"నా గడపేదిరా?" అంది సత్తవ్వ.

"యాడికి పోలే అవ్వా. బస్తాలెన్క మంచిగున్నది."

"నేనెట్ల పోవాలె? నేనేమన్న ఎల్కనా?"

అనిల్‌కుమార్‌కు ఫోన్ వచ్చింది.

శుక్రవారం పొద్దున సత్తవ్వ పసుపు గిన్నె పట్టుకొని కిందంతా వెతికింది. చివరికి లిఫ్టు ముందు ఆగింది. తలుపు కింద రేకుపట్టీ. వచ్చేవాళ్లు, పోయేవాళ్లు దాన్నే దాటుతున్నారు. "ఇగ గిదే నా గడప" అని కూలబడి, రేకుకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది. ఎన్నాళ్లకో ఆ పూట ముద్ద దిగింది.

తర్వాత వచ్చిన దవడ వాపు మనిషి పసుపు చూసి, చెప్పులు విడిచి మొక్కాడు. దాన్ని తొక్కలేక మెట్లెక్కేసరికి వాపు తగ్గిందన్నాడు. మర్నాడు కోచింగ్ పిల్లలు హాల్‌టికెట్లు తెచ్చి రేకుకు ఆనించారు. ఎవరో కొబ్బరికాయ కొట్టారు. ఆ మూలలో శక్తి ఉందని తనకు ముందే తెలుసన్నాడు ఆత్మారాం. అనిల్‌కుమార్ హుండీ పెట్టాడు. పసుపు రాసిన గడపను తొక్కరాదు కనుక లిఫ్టు బంద్ అయింది. ఒక్క మనిషే పట్టే మెట్ల మీద, దిగేవాళ్లు దిగేదాకా ఎక్కేవాళ్లు కాచుకోవడం మొదలైంది. సత్తవ్వ కూడా మోకాళ్లు పట్టుకొని గోడ ఆసరాతో ఎక్కుతోంది, దిగుతోంది.

కొన్నాళ్లకు ఒక శుక్రవారం ఆమె గిన్నెతో దిగి వచ్చేసరికి గల్లీ చివరిదాకా జనం. కాపలా లింగం అడ్డం నిలబడ్డాడు.

"లైన్ల రా అవ్వా. ఇంట్ల పసుపు నడ్వది. దుకాణంల పాకెట్ తీస్కోవాలె."

"అరే, అది నా గడపరా!"

"వచ్చినోళ్లందరు గదే అంటుండ్రవ్వా."

సత్తవ్వ లైన్లో ఉన్నవాళ్ల ముఖాలు చూసింది. ఆమె చేతి పసుపుతో పెళ్లిపీటలెక్కినవాళ్లం, ఆ పాతగడప మీద కూర్చొని ఆమె పెట్టిన అటుకులు తిన్నవాళ్లం, అందరం అక్కడే ఉన్నాం. పెద్దమనిషి కదా అని మర్యాదగా జరిగి చోటిచ్చాం.

అందరికన్నా వెనక.