బలం గోళీలపై ఏకగ్రీవ తీర్మానం

అశోక్‌నగర్, చిక్కడపల్లి పరిసర ప్రజలకు సంతోషంతో తెలియజేయునది ఏమనగా, 1997 జూన్ మొదటి ఆదివారం నాడు మూడో గల్లీ సంక్షేమ సంఘం అత్యవసరంగా సమావేశమై, కిషన్ రావు గారు ఏ గోళీలు వేసుకోవాలో, ఏవి మానుకోవాలో ఓటింగు పెట్టి తేల్చేసింది. కిషన్ రావు గారికి మాత్రం ఓటు లేదు. రోగి కాబట్టి ఆయనకు స్వార్థం ఉంటుందని కార్యదర్శి ఉదయ్ కుమార్ వివరించగా, సభ్యులంతా న్యాయమేనన్నారు.

కిషన్ రావు సర్కారు ఆఫీసులో హెడ్ క్లర్కు. వయసు యాభై ఒకటి, బరువు నూట ముప్ఫై ఎనిమిది కిలోలు. ఆయన్ను దూరం నుంచి చూడగానే ఆటోవాళ్ళకు హఠాత్తుగా ఇంటి పనులు గుర్తొచ్చేవి. పాపం, ఆయనకు పెద్ద కోరికలేమీ లేవు. పొద్దున్నే ఇంట్లోంచి బయల్దేరి చిక్కడపల్లి లైబ్రరీ దాకా నడిచివెళ్ళి, పేపరు చదువుకుని, మళ్ళీ నడిచి రావాలి. మధ్యలో ఏ దుకాణం మెట్ల మీదా కూలబడకూడదు. అంతే. ఆ ఒక్క కోరిక కోసం బొంబాయి వెళ్ళి, పొట్టకు కుట్లు వేయించుకుని, దాన్ని పిడికెడంత చేయించుకుని వచ్చాడు.

వచ్చేటప్పుడు అక్కడి డాక్టరు రెండు కాగితాలిచ్చాడు. మొదటి దాంట్లో బతికున్నన్నాళ్ళూ వేసుకోవాల్సినవి: విటమిన్లు, ఐరన్, కాల్షియం, నెలకో ఎర్ర ఇంజెక్షన్. ఐరన్‌కూ కాల్షియంకూ మధ్య రెండు గంటల ఎడం ఉండాలి. లావు గోళీలైతే పొడి కొట్టి మింగాలి. రెండో కాగితంలో తగ్గించాల్సినవి: పాత షుగర్ గోళీ, బీపీ గోళీ. ఒళ్ళు తగ్గినకొద్దీ పరీక్షలు చేయించుకుంటూ, తనను అడిగి ఇవి తగ్గించాలి. ఇప్పుడు తినేది నాలుగు చెంచాలు కాబట్టి పాత మోతాదే వేసుకుంటే షుగర్ మరీ తగ్గిపోయి కళ్ళు తిరిగి పడిపోతారు, అప్పుడు వెంటనే చక్కెర పెట్టాలి. మొదటి కాగితాన్ని నిర్లక్ష్యం చేస్తే కాళ్ళు చచ్చుబడతాయని డాక్టరు వేలెత్తి మరీ చెప్పాడు. కిషన్ రావు ఆ రెండింటినీ జేబులో భద్రంగా పెట్టుకుని రైలు దిగాడు. ఆపరేషన్ అయినవాడి కాగితాలు పరామర్శకు వచ్చినవాళ్ళ సొత్తు అన్న సంగతి పాపం ఆయనకు తట్టలేదు.

గల్లీ మొత్తం వచ్చింది. యాపిల్ పళ్ళు తెచ్చింది, హార్లిక్స్ తెచ్చింది, పొట్ట పిడికెడయిందని విని మరీ జాలిపడి బూందీ లడ్డూలు తెచ్చింది. చాయ్ తాగి, కాగితాలు తెప్పించుకుని, చేతులు మార్చుకుంటూ చదివింది. ఉదయ్ కుమార్ తోడల్లుడికి కోఠిలో మందుల దుకాణం ఉండేది కాబట్టి ఆయన మాటకు ఎదురులేదు.

"ఇవి బలం గోళీలు. బలం గోళీలు తింటె ఏమైతది? ఒళ్ళొస్తది. ఒళ్ళు తగ్గనీకే గదా అన్న బొంబాయి దాకా వోయింది? మల్ల ఇవెందుకు?" అన్నాడాయన. సభ్యులు అవునవునన్నారు. ఇంత చిన్న విషయం బొంబాయి డాక్టరుకు తట్టనందుకు కొందరు బాధపడ్డారు కూడా.

ఇక రెండో కాగితం. ఇక్కడ సంఘం మానవత్వంతో ఆలోచించింది. షుగర్ గోళీ పన్నెండేళ్ళుగా ఆయనతో ఉంది, బీపీ గోళీ తొమ్మిదేళ్ళుగా ఉంది. పొట్ట చిన్నదయిందని పాతవాళ్ళను వెళ్ళగొడతామా? అందుచేత అవి ఎప్పటిలాగే పూర్తి మోతాదులో కొనసాగాలనీ, బలం గోళీలు తక్షణం నిలిపివేయాలనీ ఏకగ్రీవంగా తీర్మానించారు. కిషన్ రావు భార్య దమయంతి గుమ్మంలో నిలబడి అంతా విన్నది. ఇంతమంది చదువుకున్నోళ్ళు చెప్తుంటే తప్పెందుకైతదని ఆమె కూడా తలూపింది.

మందులు వృథా కావడం జాతీయ నష్టం. అందుకని ఆర్నెల్ల కోసం తెచ్చుకున్న గోళీలను సంఘమే స్వాధీనం చేసుకుని అర్హులకు పంచిపెట్టింది. కాల్షియం డబ్బా పక్కింటి వేదవతమ్మ సన్నటి అల్లుడికి వెళ్ళింది. విటమిన్లు డిగ్రీ తప్పిన పిల్లలకు వెళ్ళాయి. ఎర్ర ఇంజెక్షన్లు కార్యదర్శే చేయించుకున్నాడు, పర్యవేక్షణలో అలిసిపోతున్నాడు కనుక. గల్లీలో నాలుగిళ్ళ అంట్లు తోమే పాలమూరు మాసమ్మ, మెట్లెక్కితే ఆయాసపడుతూ, కనురెప్పల లోపల తెల్లగా పాలిపోయి ఉన్న మనిషి, "నాకు గూడ రెండియ్యుండ్రి సారూ" అని అడిగింది. నీకు పని చేస్తుంటేనే బలమొస్తుందని సంఘం అభిప్రాయపడింది.

బొంబాయి డాక్టరు మాత్రం బాధ్యత గలవాడు. రెండు నెలలకు ఫోన్ చేశాడు. కిషన్ రావు ఇంట్లో ఫోన్ లేదు కాబట్టి కార్యదర్శి ఇంటికే చేశాడు. విటమిన్లు సరిగ్గా వాడుతున్నారా అని అడిగాడు. "ఒక్క గోళీ గూడ మిగల్లే సార్!" అన్నాడు ఉదయ్ కుమార్. ఇందులో అబద్ధమేమీ లేదు. డాక్టరు చాలా సంతోషించాడు.

ప్రతి ఆదివారం సంఘం కిషన్ రావును కాచిగూడ స్టేషన్‌కు తీసుకెళ్ళి, రంగురంగుల లైట్లు తిరిగే బరువు మిషన్ మీద నిలబెట్టేది. టకామని కార్డు పడేది. ముందువైపు బరువు, వెనకవైపు జాతకం. నెలలు గడిచినకొద్దీ నూట నాలుగు, తొంభై ఆరు, ఎనభై ఎనిమిది. కార్డులన్నీ ఫైల్లో కుట్టారు. రక్తపరీక్షలు అనవసరమని, జాతకం బాగానే ఉందని అందులో నోట్ రాశారు.

ఆ మధ్యే కిషన్ రావుకు పాదాల్లో చీమలు పాకడం మొదలైంది. తర్వాత చీమలు కూడా మానేశాయి. దువ్వితే జుట్టు దువ్వెనకే వచ్చేస్తోంది. ఒకనాడు నారాయణగూడ చౌరస్తాలో ఎడమకాలి చెప్పు జారిపోయినా తెలియక అట్లాగే ఇంటికొచ్చేశాడు. ఆ కాలికి మేకు గుచ్చుకుని నెత్తురు కారుతోంది. అది కూడా దమయంతి చూసి చెబితేనే తెలిసింది.

"దమయంతీ, ఈ కాళ్ళు నాయి అనిపిస్తలేవే. లైబ్రరీ దాక కాదు, గుమ్మం దాక గూడ పోతనో లేదో" అన్నాడు. ఆమె కొంగు బిగించుకుని కార్యదర్శి ఇంటికి పరుగెత్తింది.

"వదినె, పరేషాన్ గాకుండ్రి. బరువు తగ్గితె కాళ్ళు తేలికైతయి. తేలికైతె తెలుస్తయా?" అన్నాడాయన. అక్కణ్ణుంచి గల్లీ చివరి మందుల షాపుకెళ్తే, అతను కూడా సంఘం సభ్యుడే. తీర్మానం లేకుండా బలం గోళీ ఇవ్వలేనన్నాడు.

బరువు డెబ్భై తొమ్మిదికి దిగిన రోజున కార్డు వెనక, మీ కృషికి త్వరలో గుర్తింపు లభిస్తుందని వచ్చింది. జాతకాన్ని అబద్ధం చేయడం ఇష్టంలేక సంఘం చిక్కడపల్లిలో హాలు మాట్లాడి సన్మానం పెట్టింది. కిషన్ రావు నిలబడలేకపోతున్నాడు కాబట్టి ఇద్దరు కార్యకర్తలు ఆయన్ని వేదిక మీదికి ఎత్తుకెళ్ళారు.

ముఖ్య అతిథి పరవశించిపోయాడు. "సభాసదులారా! ఒకనాడు ఈ మహనీయుణ్ణి కదిలించాలంటే ఎనమండుగురు కావలసి వచ్చేది. ఈనాడు ఇద్దరు, కేవలం ఇద్దరు ఆయన్ని అవలీలగా మోసుకొచ్చారు! ఇది కాదా ప్రగతి?" హాలు చప్పట్లతో దద్దరిల్లింది.

శాలువా కప్పి మైకు ఇచ్చారు. కిషన్ రావు ఒళ్ళంతా చెమటలు. "అయ్యా, నాకు శాలువ వద్దు. నా గోళీలు నాకియ్యుండ్రి. నడుస్త" అన్నాడు. ఎంత నిరాడంబరుడని జనం మళ్ళీ చప్పట్లు కొట్టారు. అంతలో ఆయన ముందుకు తూలి, కుర్చీలోంచి జారి వేదిక మీద బోర్లా పడ్డాడు. సభకు సాష్టాంగపడుతున్నాడనుకుని అందరూ లేచి నిలబడ్డారు.

"జరుగుండ్రి! ఆయన దండం వెడతలేడు, పడిపోయిండు!" అని కేకేస్తూ దమయంతి వేదికెక్కింది. ముఖ్య అతిథి చాయ్ కోసం పెట్టిన చక్కెర అందుకుని, ఆయన్ని పక్కకు తిప్పి, చిటికెడు చిటికెడు దవడ లోపల రుద్దింది. షుగర్ మనిషికి చక్కెరా అంటూ సంఘం అక్కడికక్కడే సమావేశమై ఖండించింది. ఖండన పూర్తయ్యేలోపు కిషన్ రావు కళ్ళు తెరిచాడు.

ఆ సాయంత్రమే దమయంతి ఎస్టీడీ బూతుకెళ్ళి డాక్టరుతో తానే మాట్లాడింది. గల్లీవాళ్ళెవరూ లేని దుకాణం వెతుక్కుని హైదర్‌గూడలో గోళీలు కొన్నది. గడియపెట్టి రోట్లో పొడి కొట్టింది, గడియారం చూసి రెండు గంటల ఎడంతో తాగించింది. షుగర్ గోళీ డాక్టరు మాన్పించాడు, బీపీ గోళీ సగం చేశాడు. ఐరన్ ఒక పొట్లం మాసమ్మ కోసం కూడా తెచ్చి, ముందు ఆమెను దగ్గర్లోని దవాఖానాలో చూపించింది.

ఎనిమిది నెలలు పట్టింది. ఒక పొద్దున కిషన్ రావు కర్ర పట్టుకుని బయల్దేరి, ఏ మెట్ల మీదా కూర్చోకుండా లైబ్రరీ దాకా నడిచాడు. పేపరు తెరిచాడు గానీ, కళ్ళు నిండిపోయి అక్షరాలు కనపడలేదు. మళ్ళీ నడిచే ఇంటికొచ్చాడు.

ఆదివారం సంఘం సమావేశమైంది. కిషన్ రావు మూడు కిలోలు పెరిగి, గల్లీ పెట్టుకున్న నమ్మకాన్ని వమ్ము చేశాడని విచారం వ్యక్తం చేసి, శాలువా వెనక్కి ఇవ్వాలని నోటీసు పంపింది.

ఇంతవరకూ ఓపికగా చదివిన పాఠక మహాశయులు విజ్ఞులు, సంఘం వంటివారు కారు. అయినా ఒక్కమాట. ఆయన నడిచాడని చెప్పినప్పుడు మీరు ఊరికే తలూపారు. మూడు కిలోలు పెరిగాడన్నప్పుడు మాత్రం, "అయ్యో!" అన్నారు. మాకు వినిపించింది.