ఉపేందర్‌కు విగ్రహం పెట్టండి!

నాచారంలో ఖాళీ జాగా ఎక్కడైనా మిగిలి ఉంటే, వెంటనే అక్కడ ఉపేందర్ విగ్రహం పెట్టాలని నా మనవి. చేతిలో మైకు, చెవులకు హెడ్‌ఫోన్లు. దండ మాత్రం వేయకండి, బతికున్న మనిషికి మంచిది కాదు!

ఉపేందర్ ఎవరంటారా? మల్లాపూర్ రోడ్డులో మూతపడ్డ ఒక లేత్ షెడ్డులో రాక్ బ్యాండ్ల పాటలు రికార్డ్ చేసే ఇంజనీర్. సినిమాల్లోకీ టీవీల్లోకీ రాని పాటలవి. అండర్‌గ్రౌండ్ రాక్ అంటారు పిల్లలు. మా అమ్మాయి మానస అలాంటి ఒక బ్యాండులో డ్రమ్స్ వాయిస్తుంది. పదో తరగతి చదివిన నాకు సంగీతం గురించి ఏం తెలుసు? కానీ భయపడటంలో మాత్రం నన్ను మించినవాళ్లు ఉప్పల్ నుంచి నాగారం దాకా లేరు. ఫోన్ రెండుసార్లు మోగి ఆగితే చాలు, నేను మనసులో దవాఖానా మెట్లెక్కేస్తాను.

మామూలు స్టూడియోల్లో ఏం చేస్తారు? గొంతు జారితే కంప్యూటర్‌తో నిలబెడతారు. దెబ్బ తప్పితే కోసి అతికిస్తారు. ఉపేందర్ ఆ పాపం ముట్టడు! అందరినీ ఒకే గదిలో ఉంచి ఒకేసారి వాయించమంటాడు. చప్పట్లు కొడుతూ గదంతా తిరిగి, చప్పుడు ఎక్కడ బాగా మోగితే అక్కడ పైనుంచి మైకు వేలాడదీస్తాడు. ఇక ఆ మైకులో ఏది పడితే అదే పాట. వాటర్ ట్యాంకర్ రివర్స్ హారన్ పడిందా? ఉంచుతాడు. పక్క షెడ్డులో రేకు కోశారా? అదీ ఉంచుతాడు. గిటారు వాయించే జీవన్ ఓసారి తుమ్మాడు. ఇప్పుడు ఆ తుమ్ము లేకపోతే పాటకు అందమే లేదంటున్నారు!

ఈ పద్ధతి ఎంత పాకిందంటే, అంబర్‌పేట్‌లో ఒక స్టూడియోవాళ్లు ముక్కుపొడి తెప్పించి మరీ తుమ్ములు రికార్డ్ చేస్తున్నారట. బెంగళూరు బ్యాండ్లు రైలెక్కి వచ్చి ఈ రేకుల కింద చెమటలు కక్కుతున్నాయి. ఇంతా చేసి, ఆ మనిషి పాట కింద తన పేరైనా వేసుకోడు.

ఇక నా సంగతి. వేసవిలో ఒక మధ్యాహ్నం, మానస మరిచిపోయిన టిఫిన్ డబ్బా ఇద్దామని షెడ్డుకు వెళ్లాను. లోపల ఎవరో గొంతు చించుకుని అరుస్తున్నారు. అది పాట అని ఎవరైనా అనుకుంటారా? తలుపు తోసుకుని దూకాను.

"ఎవర్ని సంపుతున్నర్రా! మానసా, బయటికి రా బిడ్డా!"

వాయిద్యాలన్నీ ఆగిపోయాయి. ఉపేందర్ ఒక్కడే కదల్లేదు. "జర ఆగక్కా, రికార్డింగ్ నడుస్తుంది" అన్నాడు.

ఆ కేకను పాట చివర అట్లాగే ఉంచేశాడు! ఉప్పల్‌లో షో పెడితే మూడొందల మంది పిల్లలు ఒక్క గొంతుతో "ఎవర్ని సంపుతున్నర్రా!" అని అరుస్తున్నారట. కూరగాయలమ్మే వెంకటనర్సమ్మ కూడా, "ఏందక్కా, ఇయ్యాల ఎవర్ని సంపుతున్నరు?" అని నవ్వుతోంది. పరువు పోయిందని మళ్లీ షెడ్డుకు పోయాను.

"తమ్మీ, నీకు దండం పెడ్తా. గా కేక తీసెయ్."

"నేను ఏదీ తియ్యనక్కా. పాట మొత్తం విన్నవా?"

"నా మొత్తుకోలు నేను ఇనుడేంది?"

"నీ మొత్తుకోలు అయినంక ఏమున్నదో విను" అని హెడ్‌ఫోన్లు నా చెవులకు పెట్టాడు.

నా కేక. ఆగిన డ్రమ్స్. డ్రమ్ము పుల్ల కిందపడ్డ చప్పుడు. ఆ తర్వాత సన్నగా మానస గొంతు: "అమ్మా, బయపడకు. నేను ఈడనే ఉన్న."

ఆ రోజు నా గోలలో నాకది వినపడనే లేదు! మళ్లీ పెట్టమన్నాను. నాలుగుసార్లు విన్నాను.

"మరి తీసెయ్యమంటవా?" అన్నాడు ఉపేందర్.

"దాని మీద చెయ్యి పెట్టి సూడు, అప్పుడు చెప్త నీ సంగతి!"

అందుకే విగ్రహం అంటున్నాను. ఇంట్లో ఆ పిల్ల నాతో మాట్లాడి ఎన్నాళ్లయింది? తిన్నావా అంటే "ఊ". ఎటు పోతున్నావంటే "వస్తా". తర్వాత గది తలుపు. పాట చివర పడ్డ దాని రెండు ముక్కల కోసం నేను రోజూ ఆ మోతంతా మొదటి నుంచీ వింటున్నాను!

సరే, విగ్రహం లేకపోయినా ఫర్వాలేదు. ఉపేందర్ వచ్చి మా వంటింట్లో ఒక మైకు వేలాడదీసిపోతే చాలు. రికార్డింగ్ నడుస్తుందంటే తప్ప మా పిల్ల నోరు విప్పేలా లేదు!