నబుకీర చపాతీ పీట

"మన విశ్వవిద్యాలయానికి ఘనమైన చరిత్ర ఉంది. అదెక్కడుందో వారంలోగా కనిపెట్టండి!" అని విద్యామంత్రి బాలికోవా గారు ప్రకటించారు. డెబ్బై అయిదేళ్ల ఉత్సవంలో ఆయన పాత పునాదిరాయికి దండ వేయాలట. వినగానే నాకు ఒళ్లు పులకరించింది. చరిత్ర శాఖలో లెక్చరర్ని గనక వెతికే పని కూడా నాకే పడింది.

రాయి మెయిన్ గేటు పక్కన ఉందని ఫైల్లో ఉంది. అక్కడున్నది నబుకీర కొట్టు ఒక్కటే. ఇరవై రెండేళ్లుగా చపాతీలో గుడ్డట్టు చుట్టి ఇస్తోంది. కంపాలాలో దాన్ని రోలెక్స్ అంటాం. మా పరిశోధనలన్నీ దాని బలంతోనే నడుస్తున్నాయి.

రిజిస్ట్రార్ కటుంగి గారు చురుకైన మనిషి. అయిదు రోజులు వెతికినా రాయి దొరక్కపోయేసరికి కొట్టు తీసేయమన్నారు.

"తీసేస్తే నేనెట్లా బతకాలయ్యా?"

"చరిత్ర కోసం ఆ మాత్రం త్యాగం చెయ్యాలమ్మా."

"చరిత్ర మీరు చేసుకోండి. చపాతీలు నన్ను చేసుకోనివ్వండి."

పోలీసులు ఆమె చపాతీ పీట లాగారు. అది బోర్లా పడింది. అడుగున అక్షరాలు: 'పరిశోధనా గ్రంథాలయానికి శంకుస్థాపన.' రోజూ ఆ పీట ముందే నిలబడి తిన్న నలుగురు చరిత్రకారులం చప్పట్లు కొట్టాం.

"ఇది నీ దగ్గరికెలా వచ్చింది?" గద్దించారు రిజిస్ట్రార్.

"అది ఇక్కడే ఉందయ్యా. నేనే దాని దగ్గరికొచ్చాను."

"మరి గ్రంథాలయమేది సార్?" అనడిగింది ఒక విద్యార్థిని.

"ముందు రాయి దొరికింది కదా, సంతోషించు!"

పీట అద్దాల పెట్టెలోకి వెళ్లింది. నబుకీర కళ్లు తుడుచుకుంది. నాకూ బాధేసింది, మర్నాటి టిఫిను సంగతి తలుచుకుని.

ఉత్సవం రోజు మంత్రిగారు పాత రాయికి దండ వేశారు. గ్రంథాలయం కట్టి తీరతామని గర్జించి, గేటు పక్కనే కొత్త గ్రానైటు రాయికి తెర లాగారు. దాని మీద ఆయన పేరు మూరెడు పొడవుంది. కారెక్కుతూ, "రాయి జాగ్రత్త!" అన్నారు.

రిజిస్ట్రార్‌కు చెమట పట్టింది. "ఎవరయ్యా కాపలా?"

"నేనుంటానయ్యా," అంది నబుకీర వినయంగా. "నా కొట్టు ఇక్కడే ఉండనిస్తే పిట్టని కూడా వాలనివ్వను."

ఆర్డరు అక్కడికక్కడే సంతకమైంది. ఆమె దాన్ని కొంగున ముడేసుకుని, కొత్త రాయి చెక్కిన మేస్త్రీని పక్కకి పిలిచింది.

"వెనకవైపు ఎలా ఉంది బాబూ?"

"అక్కడే ఎక్కువ పాలిష్ పట్టానమ్మా. ఎన్నేళ్లు వాడాలో ఏమో!"